కంటి డాక్టరేమో కళ్లు బంగారం అంటున్నారు, నాకేమో బస్సులో సగం రోడ్డు మాయమవుతోంది

కాలవగట్టు

అందరికీ నమస్కారమండి. ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదివి పోవడమే తప్ప రాసింది లేదు. ఇప్పుడు నా గోల చెప్పుకోవాల్సి వచ్చింది, కాస్త పొడుగు.

మాది అమలాపురం. ఉద్యోగం రావులపాలెంలో, ఒక ప్రైవేటు ఆఫీసులో లెక్కలు చూస్తాను. రోజూ కొత్తపేట మీదుగా బస్సులోనే రాకపోకలు. వయసు 31. పార్శ్వపు నొప్పి ఇంటర్ నుంచీ ఉంది. మా అమ్మకీ ఉంది. నెలకి ఒకటో రెండో సార్లు వచ్చి పోయేది, పెద్దగా పట్టించుకోలేదు. ఈ దీపావళి దాటిన దగ్గర్నుంచి వారానికి రెండుసార్లు పట్టుకుంటోంది.

మొన్న శనివారం ఏం జరిగిందో చెప్తాను. ఆ రోజు తొందరగా వదిలారు, నాలుగున్నర బస్సు దొరికింది, కుడివైపు కిటికీ సీటు. పొద్దు వాలుతోంది. కాలవ పొడుగునా కొబ్బరిచెట్లు. చెట్ల సందుల్లోంచి ఎండ మొహం మీద టపటపా కొడుతోంది. కళ్లు మూసుకున్నా రెప్పల వెనక ఎరుపు, నలుపు, ఎరుపు, నలుపు. పది నిమిషాలకి ముందు సీటాయన కాలరు పక్కన చిన్న ఖాళీ కనపడింది. నల్లగా లేదు, తెల్లగా లేదు. అక్కడ అసలేమీ లేదు, అంతే. దాని అంచు మాత్రం రంపం పళ్లలాగా వంకరటింకరగా మెరుస్తూ, వణుకుతూ ఉంది. కొత్తపేట వచ్చేసరికి ఎడమవైపు సగం పోయింది. కండక్టరు చిల్లర ఇస్తుంటే ఆయన మోచెయ్యి కనపడింది, చేతిలో నోటు కనపడలేదు. ఇల్లు చేరేసరికి చూపు వచ్చేసింది, కుడి కణత మీద సుత్తి మొదలైంది.

ముగ్గురు కంటి డాక్టర్లకి చూపించాను. ముగ్గురూ కళ్లు బంగారంలా ఉన్నాయన్నారు. ఒక షాపులో నీలి వెలుగు ఆపే అద్దాలని నాలుగు వేలకి అంటగట్టారు, పైసా తేడా లేదు. ఇంకో చోట, కళ్ల కదలికలు మెషీన్లో చూసి మైగ్రేన్ పట్టేస్తాం, 20 సిట్టింగులు కంటి వ్యాయామం చేస్తే పోతుంది అంటున్నారు. డబ్బు కట్టే ముందు మిమ్మల్ని అడుగుదామని.

పూతరేకు

ఆయ్, మీరు ఎడమవైపు సీట్లో కూర్చుంటే సరిపోయేదానికి ఇంత పురాణం దేనికండీ.

కాలవగట్టు

ఎడమవైపు కూర్చున్న రోజు కూడా వచ్చిందండీ. అదే కదా నా బాధ.

కళ్లద్దాల మేస్టారు

నేను భీమవరంలో ఇరవై ఏళ్లుగా కళ్లు పరీక్ష చేస్తున్నాను. డాక్టర్ని కాదు, ఆప్టోమెట్రిస్టుని. మీలాంటి వాళ్లు నెలకి ఇద్దరు ముగ్గురు వస్తారు.

ముందు ఒక ప్రశ్న. ఆ ఖాళీ వచ్చినప్పుడు ఒక కన్ను మూసి చూశారా? తర్వాత రెండోది? చాలామంది "ఎడమ కంట్లో వచ్చిందండీ" అంటారు. నిజానికి వచ్చింది ఎడమ కంట్లో కాదు, రెండు కళ్ల చూపులోనూ ఎడమ సగంలో. మనకి రెండు కళ్ల ఎడమ సగం దృశ్యమూ తల వెనక కుడివైపు మెదడుకే వెళ్తుంది. ఏ కన్ను మూసినా ఖాళీ అక్కడే ఉంటే తేడా మెదడులో ఉన్నట్టు. ఒక కన్ను మూస్తే మాయమైపోతే అది ఆ కంటి సంగతి, వెంటనే రావాలి.

ఒక కంట్లో మెరుపులతో పాటు తెర దించినట్టు చీకటి, కన్ను ఎర్రబడి విపరీతమైన నొప్పి, దీపాల చుట్టూ రంగుల వలయాలు, మాట తడబడడం, చెయ్యి కాలు పట్టు తప్పడం, ఉన్నట్టుండి పిడుగు పడ్డట్టు తలనొప్పి, యాభై దాటాక మొదటిసారి ఇలాంటివి రావడం. వీటిలో ఏదున్నా ఇక్కడ పోస్టులు పెట్టుకుంటూ కూర్చోకండి, ఆసుపత్రికి పరిగెత్తండి.

ఇక ఆ నాలుగు వేల అద్దాల గురించి నా నోటితో చెప్పించకండి. నేనూ అదే వ్యాపారంలో ఉన్నాను.

శొంఠి కొమ్ము

బాబూ, శొంఠి అరగదీసి కణతలకి పట్టు వెయ్యి. పొద్దున్నే ఎండ ఎక్కకముందే. మా పాలకొల్లులో ఒకాయన చెవిలో ఆకు పసరు పోసేవాడు, నెలకి వందమంది వచ్చేవారు.

కళ్లద్దాల మేస్టారు

శొంఠి వరకు మీ ఇష్టం బాబాయ్ గారూ. చెవిలో పసరు మాత్రం వద్దు. చెవి పాడై వచ్చినవాళ్లని చూశాను.

న్యూరో పీజీ

మాది రాజోలు, ప్రస్తుతం విశాఖలో న్యూరాలజీ చదువుతున్నాను. నైట్ డ్యూటీలో ఉన్నాను, మధ్యలో ఆగితే ఏమీ అనుకోకండి.

కాలవగట్టు గారూ, మీకు వచ్చినదాన్ని ఆరా అంటాం. మైగ్రేన్ ఉన్నవాళ్లలో నాలుగో వంతు నుంచి మూడో వంతు మందికి వస్తుంది, వాళ్లలో చాలామందికి చూపులోనే వస్తుంది. మెల్లగా పాకుతుంది, 5 నుంచి 60 నిమిషాల్లో పోతుంది, తర్వాత తలనొప్పి. రంపం పళ్లు అన్నారు చూడండి, 1870లో హ్యూబర్ట్ ఏరీ అనే ఇంగ్లీషు డాక్టరు తనకి వచ్చినదాన్ని బొమ్మలు గీసి అచ్చేయించాడు. కోట బురుజుల గోడని పైనుంచి చూస్తే ఎలా ఉంటుందో అలా ఉంటాయి ఆ గీతలు.

తర్వాత 1941లో లాష్లే అనే శాస్త్రవేత్త తనకి ఆరా వచ్చినప్పుడల్లా కాగితం మీద ఒక చుక్క వైపు చూస్తూ, ఖాళీ అంచు ఎక్కడుందో నిమిష నిమిషానికీ గుర్తు పెట్టుకున్నాడు. ఆ కొలతలతో మెదడు ఉపరితలం మీద ఏదో నిమిషానికి సుమారు 3 మిల్లీమీటర్ల వేగంతో పాకుతోందని లెక్క తేల్చాడు. కాగితం, పెన్సిలు, అంతే. మూడేళ్లకి 1944లో లియావ్ అనే బ్రెజిల్ శాస్త్రవేత్త కుందేలు మెదడులో సరిగ్గా అలాంటి అలని పట్టుకున్నాడు. నాడీకణాలు ఒక్కసారి రెచ్చిపోయి, వెనకాలే చాలాసేపు మూగబోతాయి. రెచ్చిపోయే అంచు మీకు మెరుపు గీత, మూగబోయిన భాగం ఖాళీ. లాష్లే లెక్కకీ లియావ్ అలకీ సంబంధం ఉందని తేలడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

డ్యూటీ పిలుస్తోంది. కళ్ల కదలికల సంగతి రేపు రాస్తాను. అప్పటిదాకా ఆ 20 సిట్టింగులకి డబ్బు కట్టకండి.

లేసు సూది

తమ్ముడూ, నీ పోస్టు చదివి ఒళ్లు జలదరించింది. నాది నరసాపురం దగ్గర ఊరు. పదమూడేళ్ల వయసు నుంచి లేసు అల్లుతున్నాను. తెల్ల దారం మీద తెల్ల దారం, కన్నాల పక్కన కన్నాలు. టేబులు గుడ్డ అంచులు అల్లేటప్పుడు ఒక వరసలో నూట యాభై గళ్లు లెక్కపెట్టాలి. నెలసరికి ముందు నాలుగు రోజులు ఆ గళ్లు కదులుతున్నట్టు ఉంటాయి, చేప పొలుసుల్లాగా. సూది ఎక్కడ గుచ్చాలో తెలిసీ గుచ్చలేను. ఏజెంటేమో తొందరపెడతాడు. నల్లగుడ్డ ఒడిలో పరుచుకుని అల్లితే కొంచెం నయం అని నాకు నేనే కనిపెట్టుకున్నాను.

ఇంకోటి కూడా. షట్టరు దించిన కొట్టు ఎదురుగా నిలబడలేను. ఆ అడ్డగీతలు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఇది చెప్తే మా ఆయన నవ్వుతాడు.

ఫిజిక్స్ పిచ్చి

నవ్వాల్సింది కాదండీ. గీతల సంగతి ఇంగ్లండులో ఆర్నాల్డ్ విల్కిన్స్ అనే ఆయన చాలాకాలం తవ్వారు. అన్ని గీతలూ ఒకటి కాదు. మరీ సన్నవీ ఫర్వాలేదు, మరీ లావువీ ఫర్వాలేదు. చూపులో ఒక్కో డిగ్రీకి మూడు జతలు పడే గీతలు మహా చెడ్డవి. చెయ్యి చాచినంత దూరంలో సెంటీమీటరుకి మూడు నల్లవీ మూడు తెల్లవీ అనుకోండి. అలాంటివి మామూలు వాళ్లకీ కాసేపటికి కదులుతున్నట్టు, రంగులు పూసినట్టు కనిపిస్తాయి. మైగ్రేన్ వాళ్లకి ఇంకా ఎక్కువ. పుస్తకంలో అచ్చు వరసలు కూడా అడ్డగీతలే కదా. చదివే వరస తప్ప పైవీ కిందవీ అట్టముక్కతో కప్పుకుని చదివితే కొందరికి సుఖంగా ఉంటుంది. మీరు వేసుకున్న నల్లగుడ్డ బాగుందా లేదా అని నన్నడిగితే, ఒడిలో చీర పూలూ చారలూ అడ్డం రాకుండా చేస్తుంది కాబట్టి బాగుండే ఉంటుంది.

ఇప్పుడు కొబ్బరిచెట్లు. నేను తణుకులో ఫిజిక్సు చెప్తాను, లెక్క వెయ్యకుండా ఉండలేను. తోటలో చెట్టుకీ చెట్టుకీ 25 అడుగులు, అంటే ఏడున్నర మీటర్లు. బస్సు గంటకి 50 కిలోమీటర్లు, అంటే సెకనుకి 14 మీటర్లు. ఒక్క వరసే ఉంటే సెకనుకి రెండుసార్లు నీడ. కానీ వెనక రెండో వరస, మూడో వరస, వాటి మట్టలు, మట్టల ఈనెల సందులు. అవన్నీ కలిస్తే ఎంతవుతుందో నా లెక్కకి అందలేదు. రెండు కంటే మాత్రం చాలా ఎక్కువ.

కాలవగట్టు గారూ, ఒకటి అడుగుతాను. మీ ఆఫీసులో లైటు ఎక్కడుంది, ఫ్యాను ఎక్కడుంది?

కాలవగట్టు

ఫ్యాను నెత్తి మీదే ఉంది. దానిపైన సీలింగుకి ట్యూబులైటు. దీపావళికి సున్నం వేయించి టేబుళ్లు మార్చారు, అప్పట్నుంచీ నేను సరిగ్గా దాని కింద. ఎందుకు?

ఫిజిక్స్ పిచ్చి

ఎందుకంటే ఫ్యాను నిమిషానికి 300 చుట్లు తిరిగితే సెకనుకి 5. రెక్కలు మూడు. వెలుతురు మీ కాగితం మీద సెకనుకి 15 సార్లు తెగుతోంది. బస్సులో గంట, ఆఫీసులో ఎనిమిది గంటలు. మూర్ఛ ఉన్నవాళ్లలో వెలుగుకి ఫిట్స్ వచ్చే కొద్దిమందికి సెకనుకి 15 నుంచి 25 మధ్యే మహా ప్రమాదం. మీది ఆ జబ్బు కాదు, కానీ కళ్ల వెనక మెదడుకి ఆ వేగం కిట్టదని చెప్తున్నాను.

పైగా ఆ ట్యూబులైటుకి పాతకాలం ఇనుప చోక్ ఉందా? ఉంటే అది సెకనుకి 100 సార్లు కొట్టుకుంటుంది. కంటికి తెలియదు. 1989లో విల్కిన్స్ వాళ్లు ఒక ఆఫీసులో పాత చోకులు తీసి ఎలక్ట్రానిక్‌వి పెట్టి చూస్తే, తలనొప్పులూ కళ్ల లాగుడూ సగటున సగానికి పైగా తగ్గాయి. చవక ఎల్‌ఈడీలూ కొన్ని కొట్టుకుంటాయి. ఫోను కెమెరా స్లోమోషన్లో పెట్టి బల్బు వైపు చూపిస్తే బండారం బయటపడుతుంది.

పూతరేకు

ఫిజిక్సు మేస్టారూ, మా హాల్లోనూ అదే తంతు, ఫ్యానుపైన బల్బు. మా ఇంట్లో ఎవరికీ ఏమీ రాలేదే?

న్యూరో పీజీ

పూతరేకు గారి ప్రశ్నే అసలు ప్రశ్న. మీకు రాదు, ఆయనకి వస్తుంది. ఎందుకు?

రైసుమిల్లు పక్కన ఇల్లు తీసుకున్నారనుకోండి. మొదటి వారం నిద్ర పట్టదు. నెల తిరిగేసరికి మిల్లు మోత వినపడదు. మెదడు "ఇది తెలిసిందేలే" అని పక్కన పెట్టేస్తుంది. చూపుకీ అంతే. చదరంగం పలకలాంటి గళ్లు తెర మీద నలుపు తెలుపు తారుమారవుతుంటే, తల వెనక తీగలు అతికించి మెదడు ఎంత స్పందిస్తోందో కొలవచ్చు. మామూలు వాళ్లలో వందలసార్లు చూపించేసరికి స్పందన తగ్గుతూ పోతుంది. మైగ్రేన్ ఉన్న చాలామందిలో తగ్గదు, కొందరిలో పెరుగుతుంది కూడా. అదీ తలనొప్పి లేని రోజుల్లో. బెల్జియంలోని లియేజ్‌లో షోనెన్ బృందం దీని మీద ఎక్కువ పనిచేసింది. విచిత్రం ఏంటంటే నొప్పి వచ్చే ముందు రోజుకి అది మామూలుగా అయిపోవడం కూడా చూశారు. అన్ని ల్యాబుల్లోనూ ఒకేలా రాలేదనీ చెప్పాలి, పరీక్ష చేసేవాళ్లకి ఎవరు రోగో తెలియకుండా చేసినప్పుడు కొన్నిచోట్ల తేడా కనపడలేదు.

నాకైతే రోగుల దగ్గర విన్నదానికి ఈ మాట బాగా సరిపోతుంది. మిల్లు పక్కన నెల ఉన్నా వీళ్లకి మొదటి రాత్రి లాగే ఉంటుంది. అందుకే కళ్లు ఎన్నిసార్లు పరీక్ష చేసినా బంగారమే. అద్దంలో లోపం లేదు, చూసిందాన్ని వదిలెయ్యలేకపోవడమే ఇబ్బంది.

కోటిపల్లి రేవు

పీజీ అక్కా, కళ్ల కదలికల సంగతి చెప్తానన్నారు. నేను డిగ్రీ చదువుతున్నాను. ముక్తేశ్వరం వెళ్లడానికి కోటిపల్లిలో పంటు ఎక్కితే, బల్లకట్టు అంచున నిలబడి నీళ్ల వైపు చూశానంటే అయిపోయానన్నమాట. వికారం, ఆ సాయంత్రం తలనొప్పి. అవతలి గట్టు మీద కళ్లు పెట్టుకుంటే బాగుంటుంది. అమ్మ దిష్టి అంటుంది.

న్యూరో పీజీ

అమ్మకి కోపం రాకుండా చెప్పు. పారే నీళ్ల వైపు చూస్తే కంటిగుడ్డు నీటితోపాటు కొంతదూరం మెల్లగా పోయి, చటుక్కున వెనక్కి దూకుతుంది. మళ్లీ పోతుంది, మళ్లీ దూకుతుంది. రైల్లో కిటికీ పక్కన కూర్చున్నవాళ్ల కళ్లు చూడు, తెలుస్తుంది. నువ్వే కదులుతున్నావని కళ్లు చెప్తాయి, కాళ్లూ చెవిలోపలి తూకమూ కదలట్లేదంటాయి. గీతల డోలు లోపల మనిషిని కూర్చోబెట్టి డోలు తిప్పుతూ పరీక్షలు చేశారు. మైగ్రేన్ ఉన్నవాళ్లకి మిగతావాళ్ల కంటే వికారం, తలనొప్పి ఎక్కువగా వచ్చాయి. నీకు గట్టు మీద కూడా కళ్లు తిరగడం ఉంటే చెప్పు, దానికి వేరే చూడాలి.

ఇక కాలవగట్టు గారి మెషీను. మనం ఊరికే చూస్తున్నామనుకుంటాం గానీ కళ్లు సెకనుకి మూడుసార్లు ఒక చోటు నుంచి ఇంకో చోటుకి దూకుతాయి. చదివేటప్పుడైతే ఒక్కో చోట పావు సెకను ఆగి ముందుకి దూకుతాయి. మైగ్రేన్ వాళ్లలో ఈ దూకుడు మొదలవడం కాస్త ఆలస్యమని కొందరు, ఒక చుక్క మీద చూపు నిలిపితే గుడ్డు కొంచెం ఎక్కువ ఊగుతుందని కొందరు, కదిలే బొమ్మ వెనక సాఫీగా వెళ్లలేదని ఇంకొందరు రాశారు. తేడా ఏమీ లేదన్నవాళ్లూ ఉన్నారు. ఉన్న తేడాలు కూడా చాలా చిన్నవి, పదిమంది సగటులో కనపడతాయి గానీ ఒక మనిషిని కూర్చోబెట్టి "నీకు మైగ్రేన్ ఉంది" అని చెప్పడానికి పనికిరావు. మైగ్రేన్‌ని పట్టేది రోగి చెప్పే కథతో. వ్యాయామాలు చేస్తే మైగ్రేన్ పోతుందనడానికి ఆధారం నేను చూడలేదు. దగ్గరివి చూసేటప్పుడు రెండు కళ్లూ సరిగ్గా లోపలికి తిరగని సమస్య ఒకటుంది, దానికి వ్యాయామాలు పనిచేస్తాయి. మేస్టారు లాంటి వాళ్లు పెన్సిలు ముక్కు దగ్గరికి తెచ్చి రెండు నిమిషాల్లో చూసి చెప్తారు. దానికి మెషీను అక్కర్లేదు.

కళ్లద్దాల మేస్టారు

పెన్సిలు కూడా అక్కర్లేదమ్మా, నా చూపుడువేలు చాలు.

ఏరేటర్

అన్నలూ, ఆకివీడులో చెరువులు నావి. పొద్దున్న తొమ్మిదింటికి మేత చూసే చెక్‌ట్రే లాగుతుంటే నీళ్ల మీద ఎండ తళుకు కళ్లలో పొడుస్తుంది. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ రెక్కలు తిరుగుతుంటే ఆ తళుకు ముక్కలు ముక్కలుగా. నాకు ఆరా గీరా లేవు, సరాసరి నొప్పే. నల్లకళ్లద్దాలు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది. ఇప్పుడు ఇంట్లో కూడా తియ్యట్లేదు. మా పాప సినిమా హీరో అంటోంది.

కళ్లద్దాల మేస్టారు

చెరువు గట్టు మీద పెట్టుకోండి, నీటి తళుకుకి పోలరైజ్డ్ అయితే ఇంకా మంచిది. ఇంట్లో మాత్రం తీసెయ్యండి. రోజంతా చీకట్లో ఉంచితే కన్ను చీకటికి అలవాటు పడిపోయి, తీసిన రోజున వీధి దీపం కూడా సూర్యుడిలా కొడుతుంది.

ఏరేటర్

తీస్తే ఇప్పుడే కొడుతోందండి.

కళ్లద్దాల మేస్టారు

అదే చెప్తున్నాను. రోజుకో గంట చొప్పున తగ్గించండి. లేత గులాబి రంగు అద్దాలు కొన్ని ఉన్నాయి, ఎఫ్‌ఎల్‌-41 అంటారు. బర్మింగ్‌హామ్‌లో 1991లో మైగ్రేన్ పిల్లలకి పెట్టి చూస్తే నొప్పులు బాగా తగ్గాయి. అది చిన్న పరీక్ష, పిల్లల మీద చేసింది. పెట్టుకుని చూడొచ్చు గానీ ప్రాణం మీద ఒట్టేసి అమ్మను. కాలవగట్టు గారికి అమ్మింది అది కాదు, ఫోను చూసేవాళ్లకి అమ్మే మామూలు పూత.

శొంఠి కొమ్ము

నా మాట ఎవరూ పట్టించుకోలేదు, సరే. ఒక సందేహం మాత్రం తీర్చండి. మా తమ్ముడికి చిన్నప్పుడు రేచీకటితో మొదలై నలభై ఏళ్లకి చూపు మొత్తం పోయింది. పగలో రాత్రో తెలుస్తుంది, అంతే. వాడికీ ఈ పార్శ్వపు నొప్పి ఉంది. నొప్పి రాగానే కిటికీ మూయండి, వెలుగు పొడుస్తోంది అంటాడు. చూపే లేనివాడిని వెలుగు ఎలా పొడుస్తుంది? ఇంట్లోవాళ్లు నటన అంటారు. నేనూ అన్నాను ఒకసారి.

న్యూరో పీజీ

తాతగారూ, నటన కాదండీ. మీ తమ్ముడుగారి లాంటి వాళ్ల వల్లే ఒక పెద్ద సంగతి తెలిసింది. 2010లో బోస్టన్‌లో మైగ్రేన్ ఉన్న 20 మంది అంధుల్ని చూశారు. వెలుగు ఏమాత్రం తెలియని ఆరుగురికి వెలుగు వల్ల నొప్పి పెరగలేదు. బొమ్మ కనపడకపోయినా వెలుగు చీకటీ తెలిసే 14 మందికి పెరిగింది.

కంటి వెనక పొరలో బొమ్మ చూపించే కణాలు వేరు, "పొద్దెక్కింది" అని చెప్పే కణాలు వేరు. రేచీకటితో మొదలయ్యే ఆ జబ్బులో మొదటివి చచ్చిపోతాయి, రెండోవి మిగులుతాయి. ఆ మిగిలినవాటి తీగలు వెళ్లే మెదడు చోటుకే తలనొప్పి తీగలూ వచ్చి కలుస్తాయి. నీలి వెలుగుకి అవి ఎక్కువ స్పందిస్తాయి. అలాగని నీలి పూత పెట్టుకుంటే పోతుందని కాదు. అదే బృందం 2016లో రంగురంగుల వెలుగులు చూపించి అడిగితే తెలుపు, నీలం, ఎరుపు, పసుపుపచ్చ అన్నీ నొప్పి పెంచాయి. ఆకుపచ్చ ఒక్కటే తక్కువ బాధపెట్టింది, కొందరికి కాస్త తగ్గించింది.

శొంఠి కొమ్ము

కిటికీకి ఆకుపచ్చ గుడ్డ కట్టిస్తాను. వాడికి చెప్తాను ఈ మాట.

ఏరేటర్

అందుకేనేమో వరిచేల వైపు చూస్తే నాకు బాగుంటుంది. చెరువులు తవ్వేశాక మా ఊళ్లో అవీ లేవనుకోండి.

న్యూరో పీజీ

ఏరేటర్ గారూ, అంత దూరం లాగలేం, అది ల్యాబులో వేరే రంగేదీ కలవని ఆకుపచ్చ వెలుగు. చేల వైపు చూడ్డం మానమని మాత్రం అనను.

కాలవగట్టు గారూ, మీరు ఒక సంగతి చెప్పలేదు. నొప్పికి ఏం వేసుకుంటున్నారు? నెలకి ఎన్ని?

కాలవగట్టు

మెడికల్ షాపులో ఇచ్చే మాత్రండి, రెండు మూడు మందులు కలిసింది. మొదట్లో నెలకి రెండు. ఇప్పుడు... లెక్కపెడితే పన్నెండు, పదమూడు రోజులు.

న్యూరో పీజీ

చూశారా. మామూలు నొప్పి మాత్ర అయితే నెలకి 15 రోజులు, మందులు కలిపింది అయితే 10 రోజులు దాటి మూడు నెలలు పైగా వాడితే ఆ మాత్రే తలనొప్పి తెచ్చే ప్రమాదం ఉంది. సగం నేరం ఫ్యానుది, సగం మాత్రది కావచ్చు. వారానికి రెండుసార్లు వస్తుంటే రాకుండా ఆపే మందులున్నాయి, రోజూ వేసుకునేవి. దగ్గర్లో న్యూరాలజిస్టునో మంచి జనరల్ ఫిజీషియన్‌నో కలవండి. పేర్లు ఇక్కడ రాయను, ఒకరికి పనికొచ్చింది ఒకరికి పనికిరాదు, ఉబ్బసం ఉన్నవాళ్లకి కొన్ని అసలు కూడదు. ఆరా వచ్చే ఆడవాళ్లు ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు డాక్టరుకి చెప్పకుండా వాడొద్దు, పక్షవాతం ముప్పు పెరుగుతుంది. సిగరెట్టు కూడా తోడైతే ఇంకా.

లేసు సూది

ఈ చివరి మాట మా వీధిలో ఎవరికీ తెలియదు. స్క్రీన్‌షాట్ తీసుకున్నాను.

కాలవగట్టు (అయిదు వారాల తర్వాత)

మళ్లీ నేనే. చాలా సంగతులున్నాయి.

ఆ 20 సిట్టింగులకి వెళ్లలేదు. కాకినాడలో డాక్టరుగారికి చూపించాను, రోజూ రాత్రి ఒక మాత్ర రాశారు, పాత మాత్రలు ఆపించారు. ఆపిన మొదటి పది రోజులు నరకం. ఆఫీసులో టేబులు జరపమంటే మా మేనేజరు "ఫ్యాను కింద కూర్చోనంటావేంటయ్యా, అందరూ దానికోసం కొట్టుకుంటుంటే" అన్నారు. నా ఫోను స్లోమోషన్లో కాగితం మీద నీడలు చూపించాను. ఆయన రెండు నిమిషాలు చూసి, తల పట్టుకుని, నన్ను కిటికీ పక్కకి మార్చారు. నొప్పి వారానికి రెండు నుంచి ఈ నెలలో మొత్తం మూడుకి వచ్చింది. దేని వల్ల తగ్గిందో చెప్పలేను, అన్నీ ఒకేసారి మార్చాను కదా. ఫిజిక్సు మేస్టారు ఈ మాటకి తిడతారని తెలుసు.

ఆ మూడింటిలో ఒకటి ఆదివారం ఇంట్లో ఉండగా వచ్చింది. ముందురోజు పెళ్లిలో భోజనం నాలుగింటికి పెట్టారు, రాత్రి నిద్ర లేదు. పేపరు చదువుతుంటే ఒక అక్షరం మాయమైంది. కంగారుపడలేదు. వంటింట్లో గోడ క్యాలెండరు ఎదురుగా కుర్చీ వేసుకుని, 15వ తేదీ మీద చూపు నిలిపాను. మొదట ఎడమ కన్ను మూశాను, ఖాళీ ఉంది. కుడి కన్ను మూశాను, అక్కడే ఉంది. మేస్టారు చెప్పినట్టే. తర్వాత నిమిషానికోసారి అంచు ఎక్కడుందో పెన్సిలుతో చుక్క పెట్టాను, చూపు 15 మీదనుంచి కదపకుండా. పక్క గడి పూర్తిగా పోవడానికి ఎనిమిది నిమిషాలు పట్టింది. దాని పక్కది నాలుగు నిమిషాల్లో పోయింది. ఆ పైన గడులు లెక్కపెట్టే తీరిక ఇవ్వలేదు, క్యాలెండరు దాటి గోడ మీదకి, గోడ దాటి పప్పుల డబ్బాల మీదకి పోయింది. ఇరవై రెండు నిమిషాలకి అంతా మామూలే. పీజీ గారూ, నిమిషానికి 3 మిల్లీమీటర్లు అన్నారు, మరి పోనుపోను వేగం పెరిగిందేంటి?

న్యూరో పీజీ

అద్భుతం అండీ. వేగం పెరగలేదు. చూపు మధ్యభాగానికి మెదడులో చాలా చోటు ఉంటుంది, అంచులకి కొంచెమే. ఊరి మధ్యలో సెంటు భూమి, ఊరి బయట ఎకరం ఒకే ధర అన్నట్టు. అల ఒకే వేగంతో నడిచినా మధ్యలో ఒక గడి దాటడానికి చాలా మెదడు దాటాలి. అంచుల్లో అంతే నడకకి గోడంతా దాటేస్తుంది. లాష్లేకీ ఇలాగే వచ్చింది. ఆ క్యాలెండరు పేజీ చింపకండి, ఫొటో పెట్టండి.

పూతరేకు

నేను మొదట్లో వెటకారం చేశాను, ఏమీ అనుకోకండి. హాల్లో బల్బు మార్పించేశాను, ఎందుకైనా మంచిదని.

కాలవగట్టు

ఫొటో పెట్టే ముందు ఒక సంగతి. ఆ చుక్కలు చూసి అమ్మ పాలవాడి లెక్క అనుకుంది. ఈ నెల ఇన్ని రోజులు పాలు పొయ్యలేదా అని అడిగింది. కాదమ్మా అని చుక్కలన్నీ కలిపి రంపం గీత గీసి చూపించాను. కాసేపు చూసి, "ఇది నాకు వచ్చేదే కదరా, నీకెలా తెలిసింది?" అంది. ముప్ఫై ఏళ్లుగా వస్తోందట. తలనొప్పి వచ్చే ముందు అందరికీ అలాగే ఉంటుందనుకుందట, అందుకే ఎవరికీ చెప్పలేదట. పెన్సిలు తీసుకుని పక్కన తనది గీసింది. తనకి కుడివైపు పోతుంది.

కళ్లద్దాల మేస్టారు

అమ్మగారి వయసెంత? బీపీ, షుగరు ఉన్నాయా? ఈ మధ్య ఆ గీతల్లో ఏమైనా మార్పు వచ్చిందా?

కాలవగట్టు

58. బీపీ ఉంది, మాత్ర వేసుకుంటుంది. గీతలు ఎప్పటిలాగే ఉన్నాయంది, కానీ ఈ మధ్య కొన్నిసార్లు నొప్పి రాకుండా గీతలే వచ్చి పోతున్నాయట. సోమవారం కాకినాడ తీసుకెళ్తున్నాను, నాతోపాటే. బస్సులో ఎడమవైపు సీట్లు.